మాది మూడే

నిరంజన స్వామి ఆశ్రమం ఘాట్ రోడ్డు మొదట్లో ఉంది. ఒక ఉదయం శిష్యుడు భవానీప్రసాదు ఆయన ముందు కూర్చుని, "స్వామీ, కొండ మీది ఆశ్రమంలో వాళ్లు మండలం పాటు మౌనం పట్టారట. ఎక్కడ చూసినా వాళ్ల మాటే. నేను రెండు మండలాలు పడతాను, అనుమతివ్వండి!" అన్నాడు. మౌనం కోసం అంత గట్టిగా అరిచినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

స్వామి అవుననలేదు, కాదనలేదు. నిరుడు ఆ రోడ్డు మీద తాను చూసిన సంగతి చెప్పారు.

పికప్ బండ్లు తయారుచేసే కంపెనీలు రెండు. వెనక ట్రాలీ తగిలిస్తే మా బండి రెండు టన్నులు లాగుతుందని ఒకరంటే, మాది రెండున్నర అని రెండోవారు. వేలంపాటలా పెరిగి పెరిగి, చివరికి ఒక కంపెనీ నాలుగు టన్నులని బోర్డు కట్టింది. రెండో కంపెనీ యజమాని కోదండపాణికి నిద్ర కరువైంది. బండ్లను పరీక్షించే ఇంజనీరు హైమవతిని పిలిచి, "మనం నాలుగున్నర వేద్దామమ్మా" అన్నాడు. ఆమె సంతకం లేనిదే అంకె చెల్లదు.

"మూడుకే పెడతానండీ సంతకం."

"సరే, బోర్డు మీద మూడే వేయిస్తాను. పోటీలో పరువు పోయిందో, నీ ఉద్యోగమూ పోయినట్టే."

పోటీ ఈ ఘాట్ రోడ్డు మీదే. బండ్లు కొనడానికి వచ్చిన నాపరాళ్ల వ్యాపారులంతా చూస్తున్నారు. ఎవరి బోర్డు మీద ఎంత ఉందో వారి ట్రాలీలో అంత బరువు రాళ్లు వేశారు. నాలుగు టన్నుల బండి ముందుగా కొండెక్కింది. ఈలలు, దండలు! కోదండపాణి ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

వెనకే మూడు టన్నుల బండిని తానే నడుపుకుంటూ ఎక్కి వచ్చిన హైమవతి కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కాం, బాగుంది. బండ్లు ఇక్కడే కాపురం పెట్టవు కదా! ఇక దిగుదాం రండి" అంది.

నాలుగు టన్నుల బండి డ్రైవరు మొదటి మలుపు దాకా నడిచి వెళ్లి కిందికి చూశాడు. ఎక్కేటప్పుడు వెనక్కి గుంజిన బరువే దిగేటప్పుడు ముందుకు తోస్తుందని అతనికి తెలుసు. తిరిగొచ్చి, "రాళ్లు దించితే గానీ నేను దిగను సార్" అని తాళంచెవి తన యజమాని చేతిలో పెట్టేశాడు.

హైమవతి ఒక్క రాయి దించకుండా బయల్దేరింది. వాలు బాగా ఎక్కువగా ఉన్నచోట, కావాలనే బ్రేకు వేసింది. బండి ఆగింది. ట్రాలీ కూడా బుద్ధిగా దాని వెనకే ఆగింది. ఆమె తలుపు తీసుకుని దిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

కేకలతో కొండ దద్దరిల్లింది. అందరికంటే ముందు కోదండపాణి, చెప్పులు ఊడిపోయినా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. మూడు వేళ్లు ఆకాశానికెత్తి, "మూడే! మాది మూడే!" అని గొంతు చించుకున్నాడు. సాయంత్రానికల్లా వ్యాపారులు ఎగబడి ఆయన బండ్లన్నీ మాట్లాడేసుకున్నారు.

"నేనూ ఆ మలుపు దగ్గరే ఉన్నాను. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను" అన్నారు స్వామి. ఆ సంతోషం ఇంకా ఆయన ముఖంలోనే ఉంది.

భవానీప్రసాదు, "అయితే మౌనం వద్దంటారా స్వామీ?" అన్నాడు.

"ఎందుకంటాను నాయనా? రెండు మండలాలూ పట్టు. మౌనం విడిచి కిందికి దిగే రోజున మొదటి మాట ఎవరితో ఏమంటావో, అది మాత్రం ఇప్పుడే చెప్పి వెళ్లు."