గోడ మీద గుట్టయ్య బొమ్మ

ఇప్పుడు తవ్వితే బొమికలుగా తప్ప కనిపించని పెద్ద ఏనుగులు కృష్ణ ఒడ్డున దర్జాగా మేసే రోజులవి. ఆ మందకు పెద్ద గుట్టయ్య. వాళ్ల వంశంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఎదురొచ్చినా పరుగెత్తకూడదు, పక్కకు తప్పుకోకూడదు. పులి కూడా తానే తప్పుకునేది కాబట్టి ఆచారం అంతవరకు బాగానే సాగింది.

ఆ ఏడు దగ్గరి గుహల్లోకి రెండుకాళ్ల వాళ్లు దిగారు.

"కోరల్లేవు, కొమ్ముల్లేవు, ఒంటి మీద బొచ్చయినా సరిగ్గా లేదు. వీళ్లా మనల్ని ఏమైనా చేసేది?" అని గుట్టయ్య తీసిపారేశాడు.

చెవులమ్మ అనే ముసలి కుందేలు ఊరుకోలేదు. "వాళ్ల చేతుల్లో కర్రలున్నాయి మావా, కర్రల చివర వాడిరాళ్లున్నాయి. ఏటి అవతల నీటిగుర్రాలు ఒక్కటీ మిగల్లేదు. మా కుందేళ్లకైతే ఈతకు బోలెడు పిల్లలు, పోయినవి పోగా ఎన్నో కొన్ని మిగులుతాయి. నీ కోడలు రెండేళ్లు మోసి ఒక్క గున్నను కంది. మందకంతా అదొక్కటే. కొండ దాటి పోండి."

తల్లి కాళ్ల మధ్య ఆడుకుంటున్న మనవణ్ణి చూసేసరికి గుట్టయ్య మనసు మెత్తబడింది. "సరే, రేపు బయల్దేరదాం" అన్నాడు.

ఆ మాటకు నక్క జంబన్న గుండెలో రాయి పడింది. రెండుకాళ్ల వాళ్లు పారేసే ఎముకలతోనే వాడి ఒళ్లు నున్నబడింది. ఏనుగులు పోతే తిండీ పోతుంది.

"ఎక్కడికి దొరా? పాపం, వాళ్లు గుహ గోడ మీద తమరి బొమ్మ గీసుకుని, దాని ముందు గంతులేస్తున్నారు. ఎంత భక్తో!"

గుట్టయ్య వెళ్లి చూశాడు. ఎర్రమట్టితో గీసిన పెద్ద ఏనుగు. దంతాల వంపు సరిగ్గా కుదిరింది. ఒంటినిండా గీతలు.

"ఈ గీతలేమిట్రా?"

"నగలు దొరా."

"పక్కన ఆ చిన్నది?"

"తమరి మనవడే. చిన్నదొరకూ రెండు నగలు పెట్టారు, చూశారా!"

చెవులమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "మావా, అవి నగలు కాదు, ఈటెలు!"

"నీ బొమ్మ గియ్యలేదని కుళ్లు," అన్నాడు గుట్టయ్య. ప్రయాణం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే రెండుకాళ్ల వాళ్లు కేకలేస్తూ వచ్చారు. కోడలు గున్నను తోసుకుని పరుగందుకోబోయింది.

"నిలబడు! భక్తులొస్తుంటే పారిపోతామా? మన వంశంలో పరుగెత్తినవాడు లేడు," అని గద్దించాడు గుట్టయ్య.

ఆ పూటతో వంశమూ లేదు. గుట్టయ్య మీద నాకు జాలి లేదు. ఆ గున్నను తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

జంబన్న మాత్రం నక్క బతుకులో ఎరగనంత విందు చేసుకున్నాడు. తిన్నన్నాళ్లు తిన్నాడు. తర్వాత మైదానం బోసిపోయింది. పారేసే ఎముకలు చిన్నవయ్యాయి, ఆ తర్వాత అవీ రాలేదు. ఆకలికి ఆగలేక ఒకనాడు గుహ దాకా వెళ్లి తొంగిచూశాడు. గోడ మీద ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది. కోసుమూతి, కుచ్చుతోక.

పొద చాటు నుంచి చెవులమ్మ అంది: "నీ బొమ్మా గీశారు జంబన్నా! నగలు కూడా పెట్టారే!"

నక్కలకు పరుగెత్తకూడదన్న ఆచారమేమీ లేదు. జంబన్న వెనక్కి తిరిగి పరుగెత్తాడు. మొదటి నగ వీపులో దిగింది.

ఎదుటివాడి ఒంట్లో దిగే ఈటెను నగ అని మెచ్చుకున్నవాడికి, ఆ నగ పెట్టించుకునే వంతూ వస్తుంది.