బూరుగు దూది కాదు, మంచే!

మన్యంలో ఓ ఎత్తైన కొండ. ఆ కొండ నెత్తిన ఓ పెంకుటిల్లు, ఇంటి చుట్టూ రాళ్లు పేర్చి కట్టిన దడి. వలిసెల పూలు రాలిపోయి చలి ముదిరిందంటే చాలు, ఆ దడి మీద ముగ్గురు పిచ్చోళ్ల కొలువు మొదలయ్యేది. ఎర్రజుట్టు పుంజు సింగన్న, మేకపోతు గెడ్డన్న, ఊరూరా తిరిగే ఓ కాకి. తెల్లారి లేవగానే ఎవరైనా తిండి సంగతి చూసుకుంటారు. వీళ్లు మాత్రం ఆకాశం సంగతి చూసుకునేవారు.

వాళ్ల కోరిక ఒక్కటే. పొగమంచు ఆ కొండకి కొత్త కాదు, చలికాలమంతా వచ్చిపోతూనే ఉంటుంది. వాళ్లకి కావలసింది అది కాదు. పైనుంచి తెల్లగా రాలి, నేల మీద పేరుకుని, కాలు పెడితే కరకరమనే మంచు. తాతల కాలంలో ఓసారి పడిందని వినికిడి. తాతలు చూశారో లేదో, చూసినవాళ్లెవరూ లేరు.

"నా జుట్టు కొసలు జివ్వుమంటన్నాయి. రేపో ఎల్లుండో పడతాది, సూసుకోండి!" అనేవాడు సింగన్న.

"నీ జుట్టు మాట కట్టిపెట్టు. నా బుర్రలో నీళ్లకి ఇంకా పొరే కట్టనేదు," అనేవాడు గెడ్డన్న. అతను ఎండిన ఆనపకాయ బుర్రలో నీళ్లు పోసి రోజూ దడి మీద పెట్టేవాడు. నీళ్ల మీద గాజుపెంకులా పొర కడితే మంచు దగ్గరికొచ్చినట్టు అతని లెక్క.

"పై కొండ మీద నిన్ననే పడిందంట!" అనేది కాకి.

"నువ్వు సూసేవా?"

"సూసినోణ్ణి సూసేను."

ఈ పిచ్చితో సింగన్నకి పోయినేడు పరువే పోయింది. ఎండలు మొదలయ్యే వేళ, "పడిందిరో!" అని కొండ దద్దరిల్లేలా కూశాడు. అందరూ పరిగెత్తుకొచ్చి చూస్తే ఏముంది? పెరటి బూరుగు చెట్టు కాయలు పగిలి దూది ఎగురుతోంది. నవ్వు ఆపుకోలేక పెరట్లోని గేదె కుడితి తొట్టి తన్నేసుకుంది. ఆ రోజు నుంచి సింగన్న పెళ్లాం సూరమ్మ, ఒంటి నిండా చుక్కలున్న పెట్ట, మొగుణ్ణి 'దూది మావా' అని పిలవడం మొదలుపెట్టింది. పది మంది ముందూ అలాగే పిలిచేది. సింగన్న పైకి నవ్వేసినా లోపల కుమిలిపోయేవాడు.

ఈ తతంగమంతా దడి కింద తుప్పల్లోంచి వింటున్నది జంబయ్య అనే నక్క. చలికి ఎలకలు కన్నాలు దాటి రావడం మానేశాయి, కుందేళ్ల జాడే లేదు. అదృష్టం పట్టినవాణ్ణి నక్క తోక తొక్కాడంటారు గానీ, పుట్టినప్పటి నుంచి ఆ తోక వెంటే ఉన్నా జంబయ్యకి మాత్రం నాలుగు మెతుకుల అదృష్టం కూడా పట్టలేదు. కళ్లెదురుగా బొద్దుగా సూరమ్మ. పెరట్లో నల్లోడు అనే కుక్క. దడి దాటితే నల్లోడు వదలడు. సూరమ్మే దడి దాటి రావాలి.

'పిచ్చోణ్ణి లాక్కురావడానికి తాడెందుకు, వాడి పిచ్చి ఉందిగా,' అనుకున్నాడు జంబయ్య.

మర్నాడు పొద్దున్నే దడికి అవతల నిలబడి, మోర పైకెత్తి గాలి పీల్చాడు. "సింగన్న బావా! ఈయేడు పడితీరతాది!"

నల్లోడు గుర్రుమన్నాడు.

"ఒరే నల్లోడా, నోర్ముయ్!" అన్నాడు సింగన్న. "మనసున్నోడు మాటాడతన్నాడు. ఏటి బావా, ఏటన్నావు?"

"పడతాదన్నాను. గాలి వాసనే మారిపోనాది."

ముగ్గురూ దడి చివరికంటా వచ్చేశారు. ఇన్నేళ్లలో వాళ్లని చూసి నవ్వనివాడు ఇతనొక్కడే మరి.

"నక్కకి మంచుతో ఏటి పని?" అంది సూరమ్మ కింద నుంచి.

"ఆకలి అందరికీ ఉంటాది చెల్లెమ్మా," అన్నాడు జంబయ్య మెత్తగా. "అందం సూసే కళ్లు కొందరికే ఉంటాయి."

ఆ మాటకి సింగన్న కళ్లు చెమర్చాయి. సూరమ్మ మాత్రం గింజ ఏరుకుంటూ, "ఆకలి సంగతి ముందు సెప్పేవు, మంచిదే అన్నయ్యా," అంది.

ఇక రోజూ కొలువు. కొలువులో కూర్చోవాలంటే ఊరికే తలూపితే కుదరదు, ఏదో ఒకటి మాట్లాడాలి. జంబయ్య నేర్చుకున్నాడు. గాలి ఉత్తరం నుంచి వస్తే ఎలా ఉంటుందో, తూర్పు నుంచి వస్తే ఎలా ఉంటుందో నేర్చుకున్నాడు. చుక్కలు మరీ మిలమిలలాడితే తెల్లవారి చలి ఎలా కొరుకుతుందో నేర్చుకున్నాడు. గెడ్డన్న అసలు రహస్యం కూడా చెప్పాడు: "ముక్కు మీద పడి కరిగితే మంచు. కరక్కపోతే దూది. ఇది తెలకే గదా మన సింగన్న బతుకు ఇలాగయిపోనాది!"

కొన్నాళ్లకి జంబయ్య తన గుహ ముందు కూడా ఓ ఆనపకాయ బుర్ర పెట్టుకున్నాడు. వేషమన్నాక నిండుగా ఉండాలి కదా, అని సర్దిచెప్పుకున్నాడు. ఓ సాయంత్రం కళ్లు మూసుకుని గాలి ఎటు తిరిగిందా అని చూస్తుంటే, కౌజుపిట్ట ఒకటి అతని ముందు కాళ్ల మధ్య నుంచే నడిచిపోయింది. కళ్లు తెరిచాక ఈక ఒకటి మిగిలింది. అదీ వేషంలో భాగమే అనుకున్నాడు పాపం.

ఓ పొద్దున కాకితో గొడవే పడ్డాడు.

"తూరుపు గాలికే మంచొత్తాది," అంది కాకి.

"ఎవడన్నాడు? తూరుపు గాలికి తడొత్తాది. ఉత్తరం తిరగాలి!" జంబయ్య తోక నిక్కింది, గొంతు లేచింది. "తెలీకపోతే తెలీదను. అంతేగానీ నోటికొచ్చింది వాగకు!"

సూరమ్మ గింజలు ఏరడం ఆపి తలెత్తింది. రోజూ నక్క పళ్లకేసి చూసే ఆవిడ, ఆ పూట మాత్రం నక్క కళ్లకేసి చాలాసేపు చూసింది.

ఆకలి ఇక ఆగనివ్వలేదు. జంబయ్య అసలు మాట కదిపాడు. "బావా, చలి పల్లానికి దిగుతాది గదా. మంచు ముందు పడేదీ పల్లంలోనే. రేపు తెల్లారగట్ల మనం వాగు పక్క పల్లంలో ఉండాలి. నల్లోణ్ణి మాత్రం తేకు, ఆ అరుపులకి మబ్బు చెదిరిపోతాది. నువ్వూ కూత ఆపుకో."

"ఆపుకుంటాను బావా. నీ మీదొట్టు."

"చెల్లెమ్మని తప్పకుండా తీసుకురా. ఆవిడ కళ్లారా సూత్తేనే గదా నీకా పేరు పోయేది?"

సింగన్న ఆ మాటకి కరిగి నీరయ్యాడు. సూరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "వత్తాను. గానీ ఇదే ఆఖరు. రేపు పడకపోతే ఈ జన్మలో మంచు మాట ఎత్తకూడదు. సరేనా, దూది మావా?"

సింగన్న సరేనన్నాడు. అతనికి అది ప్రాణం పెట్టి ఆడే పందెం.

ఆ సాయంత్రం గుహ ముందు బుర్రలో నీళ్లు తాగబోయిన జంబయ్య నాలుకకి ఏదో గట్టిగా తగిలింది. పొర! కళ్లు నులుముకున్నాడు. ఆకలికి అలా అనిపిస్తోందిలే అనుకుని పడుకున్నాడు. మంచు పడదని అతనికి తెలుసు. పడుతుందని చెప్పినవాడు తనే కదా.

తెల్లవారుజామున పల్లంలో గడ్డి కూడా కదలడం లేదు. సింగన్న, గెడ్డన్న, కాకి ఓ బండెక్కి మెడలు వెనక్కి విరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. వాళ్ల పక్కన నగారా మోగించినా వినిపించుకునే స్థితిలో లేరు. సూరమ్మ బండ కింద ఒంటరిగా ఉంది. జంబయ్య అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి, రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగి, పొదల చాటుకి తెచ్చేశాడు. నోట్లో వెచ్చటి రెక్క. ఎన్నాళ్లకి!

అప్పుడు అతని ముక్కు మీద చల్లగా ఏదో వాలింది.

జంబయ్య ఆగిపోయాడు. ఇంకొకటి వాలింది. తెల్లగా, తేలిగ్గా. అప్పుడే గాలి లేచింది, ఎటునుంచా అని చూశాడు. ఉత్తరం.

నోట్లో ఉన్న సూరమ్మకి గుండె దడదడలాడుతోంది. అయినా గొంతు మాత్రం పెరట్లో గింజలేరుకునేటప్పటిలాగే పెట్టింది. "ఇదేటి అన్నయ్యా, మళ్లీ బూరుగు దూదే ఎగురతంది."

జంబయ్య పళ్లు బిగించాడు.

"నీ ముక్కు నిండా దూదే. మా ఆయనకి పట్టిన పిచ్చే నీకూ పట్టిందేటి?"

పళ్లు ఇంకా బిగించాడు. కానీ ఒళ్లంతా ఉడికిపోతోంది.

"ఇంటికెల్లాక గేదెకి సెప్తాను. నక్క కూడా దూదికి మోసపోయిందని."

"దూదేటి!" జంబయ్య అరిచేశాడు. "కళ్లు కనపడవేటి నీకు? పుష్యమాసంలో బూరుగు దూదెక్కడిది? కాయే కట్టనేదు గదా! ఇదిగో, ముక్కు మీద సూడు, కరుగుతంది! కరుగుతంది! మంచే! మంచు పడతందిరో సింగన్న బావో!"

అరిచాక చూసుకున్నాడు. నోరు ఖాళీ. సూరమ్మ చెట్టు కొమ్మ మీద ఉంది.

బండ మీద సింగన్న ఒట్టూ మరిచిపోయాడు, లోకమూ మరిచిపోయాడు. "పడిందిరో!" అని కూసిన ఆ కూత కొండ దాటి పోయింది. సూరమ్మ బయల్దేరేటప్పుడే నల్లోడి చెవిలో ఓ మాట వేసి వచ్చింది: కూత వినపడితే పరుగున రా అని. నల్లోడు వచ్చాడు.

జంబయ్య అప్పటికే పారిపోయి ఉండాల్సింది. కానీ మబ్బంతా పువ్వులై రాలుతున్నట్టుంటే, జీవితంలో ఒక్కసారి చూసే దృశ్యం వదిలి ఎలా పోతాడు? ఇంకొక్క క్షణం అని నిలబడ్డాడు. ఆ క్షణానికి తోక కొస మూల్యం. ఆపైన పరిగెత్తాడు గానీ, తెల్లటి నేల మీద ప్రతి అడుగూ అచ్చు పడింది. నల్లోడు వాసన కూడా చూడనక్కర్లేకుండా నేరుగా గుహ దాకా వచ్చాడు. జంబయ్య ఆ కొండే వదిలిపోయాడు.

ఆ పూట పెరడంతా తెల్లగా ఉంది. గేదె నోరు మెదపలేదు. సూరమ్మ మొగుణ్ణి ఉత్త 'మావా' అని పిలిచింది. సింగన్నకి అది మంచు పడిన దానికంటే ఎక్కువ ఆనందంగా ఉంది.

మళ్లీ చలికాలం వచ్చింది. కొలువు మొదలైంది. సింగన్న దడికి అవతల ఖాళీ జాగా చూసి నిట్టూర్చాడు. "దొంగే. కాదన్ను. గానీ గాలి సంగతి వాడికి తెలిసినట్టు ఈ కాకికి తెలీదు."

"కబురెట్టు, రమ్మను," అంది సూరమ్మ. "ఈసారి పల్లానికి నాను రాను. అంతే."

అవతలి కొండ మీద, తోక కొస లేని ఓ నక్క కొత్త గుహ ముందు ఆనపకాయ బుర్రలో ముక్కు పెట్టి చూసుకుంటోంది. దాని వెనకగా ఓ కౌజుపిట్ట తీరిగ్గా నడిచిపోయింది.

నీతి: ఎదుటివాడికి వేసే ఎరని నువ్వు రుచి చూడకు.