ఏడు దుంపల చక్రం

అనగనగా వానలు మొహం చాటేసిన ఒక అడవి, తల్లీ. పిల్లలన్నీ ఆకలికి సోలిపోతున్నాయి. నేలలో దుంపలున్నాయి గానీ, మంచివీ విషపువీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఒక జింకపిల్ల తప్పుది తిని, దేవుడి దయవల్ల బతికింది.

"మంచివేవో నేను పోల్చగలను" అంది ముళ్ళపంది సూదమ్మ.

"నేనూ పోల్చగలను!" అన్నాడు నక్క మామ.

"ఎలాగో చెప్పండి" అన్నాడు ఎలుగు తాత.

"చెబితే అడవిపంది బావ తెల్లారేసరికి అన్నీ తవ్వుకు తినేస్తాడు తాతా. గుట్టు చెప్పను, నిజమని చూపిస్తాను" అంది సూదమ్మ. "జింకపిల్ల తిన్న చోటి విషపుదుంపలు తెప్పించు. నువ్వు తినగా మిగిల్చి దాచుకున్న మంచిదొకటి వాటిలో కలుపు. అదేదో పట్టిస్తాను."

"అయితే మైదానమంతా పేరుద్దాం. గుడ్డిగా చూపితే దొరికిపోతారు" అంది ఏనుగు పెద్దమ్మ.

పేర్చారు, పేర్చారు. ఎండ నెత్తికెక్కినా సగం కూడా కాలేదు. కోతిపిల్ల సొమ్మసిల్లింది.

"రెండు చాలు పెద్దమ్మా!" అన్నాడు నక్క మామ. రెండే పెట్టారు. అతను చూపింది మంచిదే! అందరూ అతని వెంట బయల్దేరబోయారు.

"ఆగండి! రెండింటిలో ఒకటి కళ్ళు మూసుకున్నా తగులుతుంది. బిడ్డల ప్రాణం ఆ అదృష్టం చేతిలో పెడతారా?" అంది సూదమ్మ.

తాత ఎనిమిది దుంపలు గుండ్రంగా పేర్చాడు.

"ఒకటి తీసెయ్యి తాతా. మంచిదాన్ని దాచడానికి నువ్వెప్పుడూ ఒకటి విడిచి ఒకటి తాకుతూ తిరుగుతావు. ఎనిమిదైతే ఎన్ని చుట్లు తిరిగినా సగం చోట్లు నీకు తగలవు. మామ అది పసిగట్టేస్తాడు. ఏడైతే ఏ చోటూ మిగలదు, నీకూ మోత తక్కువ. చోటు మార్చి మార్చి అడుగు."

తాత అలాగే చేశాడు. మొదటిసారి నక్క మామ సరిగ్గానే చూపాడు. రెండోసారి తడబడి ఒకటి చూపాడు.

"ఏదీ, కొరుకు చూద్దాం" అన్నాడు తాత.

"ఇవాళ నాకు ఉపవాసం తాతా!"

నీరసంలోనూ అందరూ నవ్వేశారు.

సూదమ్మ వంతు వచ్చింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అడిగినా మంచిదే చూపింది. తాత తల ఊపాడు. ఆమె ఒక్కతే పొదల్లోకి వెళ్ళి దుంపలు తెచ్చింది. పొద్దు వాలకముందే పిల్లల బొజ్జలు నిండాయి.

కోతిపిల్ల మూతి తుడుచుకుని, "అమ్మా, ఇంకోటి" అంది. ఆ మాటతో తల్లులందరికీ ఊపిరి తిరిగొచ్చింది.

నీతి: పరీక్ష మరీ చిన్నదైతే అదృష్టం మోసం చేస్తుంది, మరీ పెద్దదైతే పుణ్యకాలం గడిచిపోతుంది. చేతికి అమరినంత పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ అడిగి చూడాలి.