చేట మోగితే మేతేనా?

అచ్చాయమ్మ దొడ్డి చుట్టూ తుమ్మకంప దడి. దడి లోపల ఆమె కోళ్లు, దడి అవతల చెరకుతోట, ఆ తోటలో ఒక నక్క. నక్కకి ఆకలెక్కువ, ఓపిక తక్కువ. తన తెలివి మీద నమ్మకం మాత్రం బోలెడు.

కోళ్లకి మేత వెయ్యడంలో అచ్చాయమ్మకి ఒక పద్ధతుంది. నూకలు చేటలో పోసి, జల్లుజల్లుమని కుదిపి, కోళ్లు చేరాక చల్లుతుంది. ఈ సంగతి చెరకులోంచి వింటూ వచ్చిన నక్క, పెంటకుప్పలో పారేసిన చిరుగుచేట ఒకటి సంపాదించింది. దాంట్లో సన్నటి ఇసుక పోసుకుని, దడిలో కంత ఉన్నచోట అవతల నిలబడి కుదిపింది.

కోడిపిల్లలన్నీ కంతవైపు పరుగు తీశాయి. వాటి తల్లి చుక్కలపెట్ట ఒక్క గెంతున వెళ్లి కంతకి అడ్డంగా రెక్కలు చాపి నిలబడింది.

డేగపుంజుకి ఒళ్లు మండింది. ఆ దొడ్డిలో పండితుడు తనే అని దాని లెక్క.

"అడ్డు లేవే. మేత వేస్తే చేట మోగుతుందా, లేదా?"

"మోగుతుంది బావా."

"ఇప్పుడు మోగుతోందా, లేదా?"

"మోగుతోంది."

"అయితే మేత వేస్తున్నట్టే కదా. ఈపాటి తెలివి లేకుండా పిల్లల్ని ఎట్లా సాకుతున్నావో."

"అచ్చాయమ్మకి కోపమొస్తే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. పొద్దున మోగాయి. ఆవిడకి కోపమొచ్చిందా?"

"లేదు, పిల్లి పడేసింది," అని నసిగింది పుంజు.

"మరి? మేత వేస్తే చేట మోగుతుందన్నావు గానీ, చేట మోగితే మేతేనని నీకెవరు చెప్పారు? చేట పట్టిందెవరో చూడొద్దూ?"

పుంజు కంతలోంచి చూసింది. చేట వెనక రెండు నిక్కిన చెవులు కనపడ్డాయి. పండితుడు వెనక్కి నడిచి పెట్ట వెనకాల నిలబడ్డాడు.

పిల్లల్ని గూట్లోకి తోలేసి పెట్ట ఊరుకోవచ్చు. కానీ ఇవాళ చేట పట్టినవాడు రేపు ఇంకోటి పడతాడు, రోజూ కంతకి అడ్డం పడుకోవడం ఏ తల్లివల్లా కాదు. అందుకని దొడ్డంతా ఒకసారి కలయజూసి, నక్కని పలకరించింది. ఇంత కష్టపడి చేట చెరగడమెందుకు, మగాడివైతే లోపలికే రారాదా, అచ్చాయమ్మ కుక్కంటే భయమా అని ఎకసెక్కంగా అడిగింది.

నక్కకి పౌరుషమొచ్చింది. చేట అవతల పారేసింది.

"భయమెందుకే? కుక్క నిద్రపోతోంది."

"చూశావా మామా?"

"చూసేదేముంది. నిద్రపోతే కుక్క మొరగదు. ఇందాకట్నుంచి మొరగలేదు. నిద్రపోతున్నట్టే."

చుక్కలపెట్ట పుంజువైపు చూసింది. ఈసారి పుంజుకి కూడా అర్థమైంది. నవ్వు ఆపుకోలేక తోక ఊపేసుకుంది.

"నువ్వన్నది నిజమే మామా, నిద్రపోయే కుక్క మొరగదు. రా మరి," అంటూ పెట్ట మర్యాదగా పక్కకి తప్పుకుంది.

నక్క తల దూర్చింది, భుజాలు దూర్చింది. నడుము సగం లోపలికొచ్చాక పిడకల గూడు పక్కన కుక్క కనపడింది. దాని కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. నోట్లో మేకబొమిక ఉంది, అందుకే మొరగలేదు.

కుక్క బొమిక కింద పెట్టింది.

తర్వాత దొడ్డంతా ఒకటే గోల. నక్క ముందుకి రాలేక వెనక్కి గుంజుకుంటే, తుమ్మముళ్లు ఒంటి మీద బొచ్చు తమ వాటాగా ఉంచేసుకున్నాయి. కుక్క దాన్ని చెరకుతోట దాటేదాకా తరిమింది. పిల్లలు కంత దగ్గర మూగి, వీపు బోసిపోయిన మామని చూసి కిచకిచమని ఒకటే నవ్వు.

ఇదైతే అది అవుతుందని తెలిసినంత మాత్రాన, అదైంది గనక ఇదే అయిందని అనుకోకు. ముందు కళ్లు పెట్టి చూడు.