కారణం గడి

ఓబులేసుకు కొన్నాళ్లుగా తిన్న అన్నం ఒంటబట్టడం లేదు. అందుకు కారణం నాగవేణి అని అతని గట్టి నమ్మకం.

ప్రొద్దుటూరు బట్టల బజారులో ఒక మేడ మీద దాదాపీర్ ఉస్తాద్ పాత లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. కొన్నప్పుడు వచ్చిన బరువైన సిస్టమ్‌ను మోయలేక మూలిగే మిషన్లలో, ఉచితంగా దొరికే లినక్స్ అనే తేలిక సిస్టమ్ వేసి మళ్లీ నడిపిస్తాడు. ఓబులేసు ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. నాగవేణి చేరి ఏడాది కూడా కాలేదు. అయినా చిక్కు మిషన్ ఏదొచ్చినా ఉస్తాద్ "అమ్మా వేణీ, నువ్వు చూడు" అనేవాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా అని ఓబులేసు కుళ్లుకునేవాడు.

ఇప్పుడు ఉస్తాద్ హజ్‌కు పోతున్నాడు. శుక్రవారం ప్రయాణం. నలభై రోజులు షాపు తాళంచెవి ఎవరికిస్తాడో ఇంకా నోరు విప్పలేదు. ఆరేళ్లు నేల మీద స్క్రూలు ఏరుకున్న తనను కాదని ఆ పిల్లకిస్తే బజారులో తలెత్తుకోవడం ఎట్లా అన్నదే ఓబులేసు బెంగ.

సోమవారం నాగవేణి ఒక అంగన్‌వాడీ టీచరమ్మ లాప్‌టాప్‌లో లినక్స్ వేసింది. తెర వెలిగింది. వైఫై అందుకుంది. పాట మాత్రం వినపడలేదు. అయినా ఉస్తాద్ దూరం నుంచే చూసి "శభాష్" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఓబులేసు తన బల్ల వదిలి విసురుగా లేచి వచ్చాడు.

"సౌండు సంగతి నీకు తెగదు. ఇట్లియ్యి," అంటూ ఆమె చేతుల్లోంచి మిషన్ లాక్కున్నాడు.

"అన్నా, అది ఉత్త..." అని ఆమె చెప్పబోయింది.

"నాకు నేర్పొద్దు," అన్నాడు.

తన బల్ల మీద పెట్టుకుని చూస్తే వైఫై లేదు! దిగులు పడాల్సింది పోయి ఓబులేసుకు లోలోపల సంతోషం వేసింది. ఆ పిల్ల పనితనం ఇప్పుడు బయటపడుతుంది కదా. అయినా తానే బాగుచేసి చూపిద్దామని రెండు రోజులు వైఫైని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు మార్చాడు, లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ మార్చాడు, చివరికి మొత్తం తుడిచి లినక్స్ మళ్లీ వేశాడు. వైఫై రాలేదు. పక్క బల్ల దగ్గరున్న మనిషిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

గురువారం ఉస్తాద్ ముందు మిషన్ పెట్టాడు. "ఈ పిల్ల వైఫై కార్డు కాల్చేసింది ఉస్తాద్."

నాగవేణి ముఖం చిన్నబోయింది. "నా దగ్గరున్నప్పుడు వచ్చింది," అంది మెల్లగా.

"మిషను ఏం చెప్తాంది?" అని అడిగాడు ఉస్తాద్.

ఓబులేసు తెర మీద అక్షరాలు చదివాడు. "సాఫ్ట్ బ్లాక్, నో. హార్డ్ బ్లాక్, ఎస్. చూడండి, హార్డ్ అంటాంది. మెత్తటి రోగం కాదు ఇది, మొండి రోగం. కార్డు పోయినట్టే."

ఉస్తాద్ నవ్వలేదు. లాప్‌టాప్‌ను పక్కకు తిప్పాడు. అంచున వడ్లగింజంత స్విచ్ ఉంది. దాన్ని గోటితో జరిపాడు. తెర మూలన వైఫై గుర్తు వెలిగింది.

"హార్డ్ అంటే మొండి అని కాదు బేటా. లోపల అంతా బాగుంది, బయట ఎవరో చేత్తో ఆపినారు అని."

ఆ షాపులో ఒక కట్టుబాటుంది. రోగాల పుస్తకంలో రోగం, కారణం, మందు అని మూడు గళ్లు. మూడూ నింపందే మిషన్ మేడ దిగదు. ఉస్తాద్ పుస్తకం తెరిచి "రాయి" అన్నాడు.

రోగం, వైఫై లేదు. మందు, స్విచ్ జరపాలి. కారణం గడిలో ఓబులేసు "స్విచ్" అని రాశాడు.

"దానంతటది జరిగిందా?"

ఓబులేసు నాగవేణి వైపు చూశాడు. "ఆ పిల్లే..."

ఉస్తాద్ లాప్‌టాప్ తీసి నాగవేణి చేతుల్లో పెట్టాడు. ఓబులేసును ఆమె ఎదురుగా నిలబెట్టాడు.

"లాక్కో," అన్నాడు.

"ఉస్తాద్?"

"సోమవారం లాక్కున్నట్టే లాక్కో."

ఓబులేసు అంచులు పట్టి లాగాడు. బొటనవేలి కింద ఏదో చిన్నగా జరిగింది. తెర మీద వైఫై గుర్తు ఆరిపోయింది.

ఓబులేసు మిషన్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు. మళ్లీ పెన్ను పట్టుకున్నాడు. "స్విచ్" అన్న మాట కొట్టేసి, పక్కన "లాక్కున్నాను" అని రాశాడు.

"మరి సౌండు?" అన్నాడు ఉస్తాద్.

"ఉత్త మ్యూట్‌లో ఉందంతే ఉస్తాద్. ఆ పొద్దే చెప్పబోయినా," అంది నాగవేణి.

ఉస్తాద్ పుస్తకం మూశాడు. జేబులోంచి షాపు తాళంచెవి తీసి నాగవేణి అరచేతిలో పెట్టాడు. ఓబులేసు ఆ తాళంచెవి వంకే చూశాడు. ఆరేళ్లు!

"నలభై దినాలు షాపు నీదే ఓబులేసూ," అన్నాడు ఉస్తాద్. "తాళంచెవి మాత్రం రోజూ పొద్దున ఈ పిల్లని అడిగి తీసుకో."

ఓబులేసు చెయ్యి తటాలున ముందుకు పోయింది. మధ్యలోనే ఆగింది. అరచేయి మెల్లగా పైకి తిరిగింది.

"ఇస్తావా వేణమ్మా?" అన్నాడు.