ముత్తవ్వ అడుగు

అనగనగా, మబ్బులు కూడా ఆయాసపడుతూ ఎక్కే ఒక మంచుకొండ. దాని పైన ఒక పచ్చిక బయలు. ఏడాదిలో తొమ్మిది నెలలు అది మంచు కిందే ఉంటుంది. మిగిలిన మూడు నెలల్లోనే ఆ గడ్డి మొలవాలి, పూయాలి, విత్తనం రాల్చాలి. పాపం, అంత సుకుమారమైన గడ్డి!

బయలు మధ్య రాతిపలకల బాట ఉంది. బాట మొదట్లో ఒక శిల. ఆ దేశపు రాజుగారి ముత్తాత దాని మీద ఇలా చెక్కించాడు: "పలకల మీదనే నడవండి. గడ్డి మీద అడుగు వేసినవారు, ఆ అడుగులో మళ్లీ గడ్డి మొలిచేదాకా ఇక్కడే కావలి ఉండాలి."

ఆ పక్కనే గుడిసెలో నీలవ్వ అనే ముసలమ్మ ఉండేది. వచ్చినవారికి ఆ శాసనం చదివి వినిపించేది.

ఒక వేసవిలో విజయకేతు మహారాజు కొండ చూడటానికి వచ్చాడు. వెంట మంత్రి, రత్నగుప్తుడనే వర్తకుడు. నీలవ్వ శాసనం చదివింది. ముగ్గురూ తలూపారు. తలూపడానికేం, మెడ ఉంటే చాలు!

పది పలకలు దాటారో లేదో, వర్తకుడికి నీలిపువ్వు కనిపించింది. "ఒక్క పువ్వేగా!" అని గడ్డిలోకి దిగి, తెంపి తలపాగాలో పెట్టుకున్నాడు.

"అయ్యో నాయనా, దిగకు!" అని నీలవ్వ కేక పెట్టింది.

అంతలో మంత్రి, బాట మలుపు తిరగడానికి బద్ధకించి, "రెండడుగులేగా!" అంటూ అడ్డంగా నడిచాడు.

చివరికి రాజుగారు! ఆ శాసనం చెక్కించిన వంశంవాడు! బయలు అంచున ఉన్న మడుగులో కొండ నీడ చూడాలని ముచ్చటపడి, తోలుచెప్పులతో గడ్డి తొక్కుకుంటూ వెళ్లి వచ్చాడు. గడ్డి చితికి నల్లమట్టి బయటపడింది. చెబుతున్న నాకే ఒళ్లు మండుతోంది. కళ్లారా చూసిన ఆవిడకు ఎలా ఉండాలి!

"మహారాజా, శాసనం మీదే. మీరిక్కడే ఉండాలి" అంది నీలవ్వ.

రాజు నవ్వాడు. "ఉంటానవ్వా. మా ముత్తాత మాట నా మాటే. గడ్డి మొలవడానికి పదిహేను రోజులు చాలవూ?"

నీలవ్వ అందరినీ గుడిసె వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ చుట్టూ గులకరాళ్లు పేర్చిన చిన్న గుంట ఉంది. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. చిన్నపిల్ల పాదం.

"ఇది మా ముత్తవ్వ అడుగు మహారాజా. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం దిగింది. అప్పుడామెకు ఏడేళ్లు. గడ్డి మొలవలేదని ఇక్కడే ఉండిపోయింది. తర్వాత మా అవ్వ, మా అమ్మ, ఇప్పుడు నేను. మేము జీతానికి కావలి కాసేవాళ్లం కాదు. ఇంకా శిక్ష తీరనివాళ్లం."

రాజు వెనక్కి తిరిగి చూశాడు. మడుగు దాకా నల్లగా అన్నీ తన అడుగులే.

వర్తకుడు హడలిపోయి పరుగు లంకించుకున్నాడు. అదీ గడ్డి మీదుగానే! శిల దగ్గర ఆగి ఉన్న రాజభటులు పలకల మీదుగా వెళ్లి పట్టుకొచ్చారు.

మంత్రి గొంతు తగ్గించాడు. "ప్రభూ, ఆ శాసనం చెరిపించేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"చెరిపించండి బాబూ" అంది నీలవ్వ. "తర్వాత ఈ అడుగుల్లో గడ్డి మొలిపించండి. మొలిస్తే మీతోపాటు నేనూ కొండ దిగుతాను."

రాజు చెప్పులు విప్పి, కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టాడు. "ఇది మా అబ్బాయికి ఇవ్వండి. రత్నగుప్తుడు నాతో ఇక్కడే ఉంటాడు. పలకల మీదనే నడిచి వెళ్లండి. మీ అడుగులకు కావలి కాయడానికి తిరిగి రండి."

రాజు కొండ మీదే ముసలివాడయ్యాడు. నీలవ్వ కన్నుమూసిన ఏడాది, ముత్తవ్వ బొటనవేలి గుంటలో ఆవగింజంత మొలక కనిపించింది. రాజు దాని పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన అడుగుల వంక మాత్రం చూడలేకపోయాడు.

పిల్లలూ, "ఒక్క అడుగేగా" అని మనం తొక్కిన చోట, మన మునిమనవలు కూర్చుని ఎదురుచూడాల్సి వస్తుంది.