కుళ్లాయప్ప మాటపెట్టె

మాబున్ని తన చేత్తో బిగించిన పెట్టె మేలుకోవడం లేదు.

రెండు చేతుల్లో ఇమిడే పెట్టె అది. పైన చిన్న తెర, కింద బొటనవేళ్లతో కొట్టుకునేంత కీబోర్డు, లోపల బిస్కెట్టంత కంప్యూటర్ బోర్డు. భాగాలన్నీ ఒక డబ్బాలో వస్తాయి, ఎవరికి వాళ్లు బిగించుకోవాలి. స్విచ్చి నొక్కితే ఎర్ర లైటు వెలిగి నిలబడాలి. దాని పక్కన ఆకుపచ్చది మిణుకుమిణుకుమనాలి. ఆ తర్వాత తెర మీద అక్షరాలు పరుగెత్తాలి. మాబున్ని ఆ స్విచ్చి నొక్కితే మాత్రం ఎర్ర లైటు ఒక్కసారి వెలిగి టక్కున ఆరిపోతుంది. బడికి పోనని ముసుగుతన్నిన పిల్లవాడు దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకున్నట్టు.

మాబున్ని ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్తుంది. చెడిపోయిన వాటిని బాగుచేయడం నేర్పే మనిషే. "అనుమానం వస్తే అన్నీ పీకేయండి. ఒట్టి బోర్డుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే తగిలించుకుంటా రండి. యాడ ఆగిపోతే ఆడ ఉండాది జబ్బు" అని ఏటా పిల్లలకు చెప్పిన పాఠమే చెప్తుంటుంది. ఆ పాఠం ఇప్పుడు తనకు అక్కరకు రాలేదు. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ అంటారు గానీ, చెప్పేదీ తానే వినేదీ తానే అయితే ఎవరిని తిట్టుకోవాలి?

తన కోసమైతే అంత దిగులుండేది కాదు. ఈ పెట్టె కుళ్లాయప్ప కోసం.

మాబున్ని గురువు లాలుస్వామి. పత్తికొండకు పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే ఒక చిన్న దర్గా వస్తుంది, దాని వసారాలోనే ఆయన కాపురం. దూదేకుల ఇంట్లో పుట్టి, వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి పరుపులు కుట్టి, ఆ తర్వాత ఫకీరైనాడు. ప్రతి గురువారం సాయంత్రం అక్కడ తత్వాలు పాడతారు. హిందువులు వస్తారు, ముస్లింలు వస్తారు, బస్సు తప్పిపోయినవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. లాలుస్వామి ఎత్తుకుంటే కుళ్లాయప్ప అందుకునేవాడు. ఇద్దరూ గోలీలాడుకునే వయసు నుంచీ జతగాళ్లు. వాళ్ల పాట కన్నా పాట మధ్యలో వాళ్ల తగువు బాగుంటుందని ముందుగా వచ్చి కూర్చునే రసికులు కూడా ఉండేవాళ్లు.

కుళ్లాయప్ప గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. ఇంటికొచ్చాక కొన్నాళ్లు దర్గాకు వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అందుకోవాల్సిన చోట పెదవులు కదిలేవి, ఏమీ వినపడేది కాదు. తర్వాత పాట ముగియకముందే లేచిపోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రావడమే మానేశాడు.

మాబున్ని వాళ్లింటికి పోయి ఒప్పించింది. "మామా, మాట్లాడే పెట్టె చేసిస్తా. నువ్వు అక్షరాలు కొడితే అది పలుకుతాది. ఈ గురువారం రా." కుళ్లాయప్ప చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, ఒక వేలు పైకెత్తాడు. ఈ ఒక్కసారికి వస్తానని. వచ్చి ఉత్తచేతులతో పోయాడంటే ఆయన ఇక ఆ గడప తొక్కడని మాబున్నికి తెలుసు.

ఆ గురువారం రానే వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె సంచీ భుజాన వేసుకుని దర్గాకు చేరింది. లాలుస్వామి వసారాలో కూర్చుని బొంత కుడుతున్నాడు. మాబున్ని సలాం చేసి పెట్టెను ఆయన ముందు పెట్టింది.

"స్వామీ, నాకు తెలివన్నా లేదు, నా మనసులో మైలన్నా ఉండాది. ఇది లేయడం లేదు."

లాలుస్వామి సూది ఆపలేదు. "ఆ రెండిట్లో ఏదో ఒకటి ఖాయం చెయ్యమ్మా. రెండూ అంటే నేను యాడని వెతుకుదు?"

ఆమెకు నవ్వు రాలేదు. తాను పడిన పాట్లన్నీ ఏకరువు పెట్టింది. మెమరీ కార్డు తుడిచి మళ్లీ రాసింది. కార్డే మార్చింది. బ్యాటరీ మార్చింది, చార్జరు మార్చింది. తెర వైరు ఊడదీసి చూసింది, కీబోర్డు తీసేసి చూసింది. చివరికి బోర్డే చెడ్డదని అమ్మినవాళ్లతో పోట్లాడితే పాపం వాళ్లు కొత్త బోర్డు పంపారు. అదీ అంతే.

"లోపల యాడో కరెంటు దారి తప్పి పోతాంది స్వామీ. అందుకే బోర్డు భయపడి ఆపేసుకుంటాంది. అంతవరకు తెలుసు. యాడనేదే దొరకడం లేదు."

"కొత్తదీ లేయలేదు కదా. అయితే బోర్డుది తప్పు కాదు."

"కాదు."

"నీ మనసులో మైల దానికెట్ల తెలిసె మరి?"

ఈసారి మాబున్నికి నవ్వొచ్చింది. వచ్చినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

లాలుస్వామి కుడుతున్న బొంతను ఆమె ముందు పరిచాడు. "విప్పు. ఒక్కోటి పేరు చెప్పి దీని మీద పెట్టు. కుట్టేటప్పుడు పరుపులో సూది పడిపోతే మా నాయన దూదంతా బయటికి తీయించేటోడు. పిడికెడు పిడికెడు తీసి దువ్వాల. ఈ మూలలో ఉండదులే అని ఒక పిడికెడు వదిలేస్తే చెంపదెబ్బే."

మాబున్ని మరలు విప్పింది. "తెర" అని తెర పెట్టింది. "కీబోర్డు." "బ్యాటరీ." "కార్డు." "స్పీకరు." ఒక్కోటి పెట్టినప్పుడల్లా లాలుస్వామి పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా తలూపాడు. ఆఖరికి "బోర్డు" అని దాన్నీ బొంత మీద పెట్టింది.

ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కు తిప్పాడు. అడుగున టేపు కింద ఒక రాగిరేకు మెరిసింది.

"ఇదేంది?"

"మీరిచ్చిందే స్వామీ. డబ్బా వచ్చిన దినం అడిగి తీసుకున్యా కదా, తాయెత్తు." మాబున్ని గొంతులో భక్తి నిండింది. "చుట్టి పెడితే పెట్టె మూత పడలేదు. అందుకని చదును చేసి అడుగున అంటించినా. కింద ఒక టేపు, పైన ఒక టేపు."

"పాత బోర్డుకు?"

"దానికే ఉండె. కొత్తది వచ్చినాక భద్రంగా తీసి దీనికి పెట్టినా."

లాలుస్వామి బోర్డును చూశాడు, ఆమెను చూశాడు. "అన్నీ తీసి చూసినా అన్యావే."

"తీసినా స్వామీ."

"దీన్ని?"



"ఇది మీరిచ్చింది" అంది మాబున్ని.

అంటూ ఉండగానే ఆమెకు కనబడింది. బోర్డు అడుగున వరసగా టంకం మొనలు, సూదుల్లాంటివి. ఒక మొన నుంచి ఇంకో మొనకు అడ్డంగా పరుచుకున్న రాగి. మధ్యలో ఉల్లిపొర లాంటి టేపు. తరగతిలో ఏ పిల్లవాడైనా ఈ పని చేసి ఉంటే ఆమె వాడి తల మీద మొట్టేది. అయినా చేయి ముందుకు పోలేదు. ఒకసారి గోరు టేపు దాకా వెళ్లి ఆగిపోయింది. గురువు చేత్తో ఇచ్చినదాన్ని పీకి అవతల పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

లాలుస్వామి కాసేపు ఎదురుచూశాడు. తర్వాత తానే బొటనవేలి గోటితో టేపు లేపి, రేకును ఊడదీసి, కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

"జ్వరమొచ్చిన బిడ్డలకు కట్టేది ఇది. దీనికి జ్వరమేం లేదు" అని మళ్లీ సూదిలో దారం ఎక్కించుకోవడంలో పడ్డాడు.

మాబున్ని ఊడిన టేపును వెలుతురుకు పెట్టి చూసింది. మొనలు పొడుచుకున్న చోటల్లా సన్నటి బెజ్జాలు, వాటిలోంచే కరెంటు రాగిలోకి దారి తప్పింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు కిందనే ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చింది, జబ్బు దొరికింది కదా మరి. తాను పిల్లలకు చెప్పినట్టే ఒట్టి బోర్డుతో మొదలుపెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. ఆరలేదు. కార్డు పెట్టింది, ఆకుపచ్చది మిణుకుమంది. తెర తగిలించింది, కీబోర్డు తగిలించింది. తెల్లటి అక్షరాలు వరసకట్టి పైకి పరుగెత్తుతుంటే వాటిని చూస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సాయంత్రం జనం చేరారు. కుళ్లాయప్ప అందరికన్నా ఆఖరున వచ్చి వాకిలి పక్కనే, లేచిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. మాబున్ని పెట్టెను ఆయన చేతిలో పెట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో నెమ్మదిగా చూపించింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని మళ్లీ ముట్టుకోలేదు.

లాలుస్వామి పాట ఎత్తుకున్నాడు. ఎప్పుడూ పాడే తత్వమే. జనం కళ్లు మూసుకుని తలలూపారు. మాబున్ని మాత్రం కుళ్లాయప్ప చేతుల వైపే చూస్తూ కూర్చుంది. పాట సగానికొచ్చింది, ముగింపుకొచ్చింది, ముగిసింది. పెట్టె నోరు విప్పలేదు. కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయిందని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు కుళ్లాయప్ప తల వంచి, రెండు బొటనవేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు.

వసారా అంతా ఆయన వైపు తిరిగింది. ఇన్నాళ్ల తర్వాత మనిషి మాట్లాడబోతున్నాడు. దేవుడి పేరు తలుస్తాడనుకుంది మాబున్ని. గురువుకు సలాం చెప్తాడనుకుంది. నిజం చెప్పాలంటే, తన పేరు కూడా వస్తుందేమోనని ఆమెకు లోపల చిన్న ఆశ ఉంది.

పెట్టె పలికింది. ఎగుడూ దిగుడూ లేని గొంతు.

"లాలూ. మూడో చరణం మింగుతాండావు. ఎండాకాలం నుంచి మింగుతాండావు."

ఎవరో నాలుక కరుచుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన గురువు ముఖం చూడలేక దీపం వైపు తిరిగాడు.

లాలుస్వామి కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. "అవునురా కుళ్లాయిగా. ఒగటి ఉండె. రావడం లేదు, పోయింది" అన్నాడు, మేక తాడు తెంపుకుని పోయిందని చెప్పినంత మామూలుగా.

కుళ్లాయప్ప మళ్లీ వంగాడు. పెట్టె ఒక్కో ముక్కే అప్పజెప్పింది, రాగం లేదు, తాళం లేదు.

"నాది ఇల్లని తాళమేస్తిని. ఇంటివాడే బయటనుండె."

లాలుస్వామి ఆ ముక్కలు అందుకుని రాగంలో పెట్టాడు. ఇన్నేళ్లూ ఆయన ఎత్తుకుంటే కుళ్లాయప్ప అందుకునేవాడు. ఇవాళ పెట్టె అందిస్తే ఆయన అందుకుంటున్నాడు. ఒక చోట కొంచెం సాగదీశాడో లేదో, "అట్ల కాదు" అంది పెట్టె. వసారా గొల్లుమంది. కుళ్లాయప్ప భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆయన నవ్వుకు చప్పుడు లేదు గానీ కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. లాలుస్వామి తొడ చరుచుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆ రోజు చివరి బస్సు చాలామందికి తప్పిపోయింది, ఒక్కరూ బాధపడలేదు.

జనం కదిలాక కుళ్లాయప్ప చెప్పులేసుకుంటూ వాకిట్లో నిలబడి ఇంకోసారి కొట్టాడు.

"వచ్చే వారం తొందరగా మొదలుపెట్టు. నాకు నిద్రొస్తాది."

పెట్టెను చొక్కా లోపల పెట్టుకుని, గుండీ వేసుకుని వెళ్లిపోయాడు.

మాబున్ని చాపలు చుడుతూ చుడుతూ ఆగింది. అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగేసింది.

"స్వామీ, మూడో చరణం లేదని నాకూ తెలుసు. ఎండాకాలంలోనే తెలిసింది."

"చెప్పకపోతివే?"

"మీరు కావాలనే వదిలేసినారనుకున్యా. దాంట్లో ఏదో లోతుండాదని ఇన్ని దినాలూ దాన్నే తలచుకుంటా ఉన్యా."

లాలుస్వామి పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. దగ్గు తగ్గాక ఆమె చేతిలోని చాపకు రెండో కొస తాను పట్టుకున్నాడు.

"నువ్వు నన్ను వింటివమ్మా. వాడు పాట వినె."